ఎచ్చెర్ల జనరల్ అయ్యాక

మొన్న శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల నియోజకవర్గంలోని చిలకపాలెం జంక్షన్లో రాజాం బస్సు కోసం నిలబడ్డాను. పక్కన టీ కొట్టు దగ్గర ఇద్దరు పెద్దవాళ్ళు పేపరు మీద పడి మాట్లాడుకుంటున్నారు. “మనది ఈపాలి ఆడోల్ల సీటయిపోద్దంట బావూ” అన్నాడొకాయన. రెండో ఆయన టీ ఊదుకుంటూ, “అయితే ఏటి? ఉన్నోడి పెల్లాం నిలబడతాది. పోస్టర్లో పక్కన ఆడు దండమెట్టుకొని ఉంటాడు, అంతే గదా” అన్నాడు. కొట్టు దగ్గరున్న వాళ్ళందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

బస్సెక్కి కూర్చున్నాక ఆ నవ్వు కాస్త చేదుగా అనిపించింది. ఎందుకంటే ఈ ఎచ్చెర్లలో ఏ మగాడి పక్కనా నిలబడకుండా, తన పేరు మీద తను, వరసగా అయిదుసార్లు గెలిచిన ఆడమనిషి ఒకావిడ ఉన్నారు. టీ కొట్టు దగ్గర ఆవిడ పేరు ఎవరికీ గుర్తురాలేదు. నాకూ బస్సు ఎచ్చెర్ల సరిహద్దు దాటి రాజాం వైపు పోతుంటే గానీ రాలేదు. కావలి ప్రతిభాభారతి గారి రాజకీయ జీవితం కూడా సరిగ్గా ఇదే రోడ్డు మీద ఇటునుంచి అటు వెళ్ళింది. వెళ్ళాక మళ్ళీ ఎమ్మెల్యేగా గెలవలేదు.

1983, 85, 89, 94, 99. తెలుగుదేశం పుట్టిన ఏడాది లోపే వచ్చిన మొదటి ఎన్నికలో, ముప్పై ఏళ్ళు కూడా నిండని వయసులో గెలిచి మంత్రయ్యారు. అప్పుడు ఎన్టీఆర్ గాలి, ఎవరు నిలబడినా గెలిచేవారు అనే మాట మా ఇంట్లోనే చాలాసార్లు విన్నాను. సరే, 83కి ఆ మాట ఒప్పుకుంటాను, 85కీ ఒప్పుకుంటాను. మరి 89? ఆ ఏడు రాష్ట్రంలో కాంగ్రెస్ వచ్చింది, కల్వకుర్తిలో ఎన్టీఆరే ఓడిపోయాడు. ఎచ్చెర్లలో ఈవిడ గెలిచారు. గాలి లేని ఏడాది కూడా ఓట్లు పడ్డాయంటే అవి ఆవిడ ఓట్లే అనుకోవాలి కదా. పైగా ఎస్సీ రిజర్వుడు సీటంటే పోటీలో ఉన్నవాళ్ళు ఎస్సీలు గానీ ఓటర్లలో ఎక్కువమంది కాదు. తూర్పు కాపులు, మత్స్యకారులు, వెలమలు, ఇంకా బోలెడన్ని కులాల వాళ్ళు ఓటేస్తేనే గెలుపు. అలా అయిదుసార్లు.

తండ్రి జస్టిస్ పున్నయ్య గారు. ఎమ్మెల్యేగా చేసి, తర్వాత హైకోర్టు జడ్జి అయినాయన. దళితుల మీద అత్యాచారాల గురించి ప్రభుత్వం వేసిన పున్నయ్య కమిషన్ ఆయన పేరు మీదదే. కాబట్టి “ఏ అండా లేకుండా వచ్చిన మనిషి” అని నేను కథ అల్లను. ఇంట్లో చదువుంది, పేరుంది. కానీ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటి పేరు చూసుకుని గెలిచినవాళ్ళ లిస్టు రాస్తే ఆ వరసలో ఈవిడది ఎక్కడో చివర వస్తుంది.

స్పీకరంటే ఏం చేస్తారు

1999లో ఆవిడ స్పీకరయ్యారు. మన శాసనసభకి మొదటి మహిళా స్పీకర్. నేను అప్పుడు లావేరు మండలంలో ఒక హైస్కూల్లో ఉన్నాను. సోషల్ మేష్టారు మమ్మల్ని లేపి నిలబెట్టి “మన స్పీకర్ ఎవరు?” అంటే క్లాసంతా ఒక్కసారి అరిచింది, మన ఎమ్మెల్యేనే కదా మరి. మేష్టారు ఊరుకోకుండా “స్పీకరంటే ఏం చేస్తారు?” అనడిగారు. నిశ్శబ్దం. వెనక బెంచీలోంచి ఒకడు “కూర్చోండి కూర్చోండి అంటారండి” అన్నాడు. టీవీ వార్తల్లో మేం చూసింది అదే. మేష్టారు వాణ్ణి కొట్టలేదు, ఆయనా నవ్వేశారు.

ఇప్పుడు ఆలోచిస్తే వాడు చెప్పిందాంట్లో పెద్ద తప్పేం లేదు. స్పీకర్ చర్చలో దిగరు. ఓటు కూడా రెండు వైపులా సమానంగా పడినప్పుడు తప్ప వెయ్యరు. ఈ కుర్చీ శ్రీకాకుళం జిల్లాకి నాలుగుసార్లు వచ్చింది: ఆంధ్ర రాష్ట్రం రోజుల్లో టెక్కలి రొక్కం లక్ష్మీనరసింహం దొర, 83లో తంగి సత్యనారాయణ, 99లో ప్రతిభాభారతి, 2019లో తమ్మినేని సీతారాం. గొప్పగా చెప్పుకుంటాం. అయితే ఆ కుర్చీలో కూర్చున్నన్నాళ్ళూ “అధ్యక్షా, మా జిల్లాలో నీళ్ళు లేవు” అనడానికి వీల్లేదు, ఆ అధ్యక్షుడు తనే కాబట్టి. వెనకబడిన జిల్లాకి మర్యాద ఇచ్చినట్టూ ఉంటుంది, నోరు కట్టేసినట్టూ ఉంటుంది అని మా సోషల్ మేష్టారే తర్వాతెప్పుడో అన్నారు. నేను అంత దూరం వెళ్ళను గానీ ఆ మాట మర్చిపోలేదు.

స్పీకరైన వాళ్ళు తర్వాతి ఎన్నికలో ఓడిపోతారని ఒక సెంటిమెంటు కూడా ఉంది. 2004లో ఈవిడ, 2009లో సురేశ్ రెడ్డి, 2014లో నాదెండ్ల మనోహర్, 2019లో కోడెల, 2024లో తమ్మినేని. లిస్టు బానే కుదిరింది. యనమల స్పీకరుగా చేసి 99లో మళ్ళీ గెలిచారన్నది మాత్రం ఈ లిస్టు చెప్పేవాళ్ళు చెప్పరు. సెంటిమెంటు పక్కన పెడదాం.

ఒకే ఏడాది ఓడిన ఇద్దరు

2004లో తెలుగుదేశానికి వచ్చినవి 47 సీట్లు. ఎచ్చెర్లలో ప్రతిభాభారతి గారు కాంగ్రెస్ అభ్యర్థి కోండ్రు మురళీమోహన్ చేతిలో ఓడారు. అదే ఎన్నికలో పక్కనే విజయనగరంలో అశోక్ గజపతిరాజు గారు కూడా ఓడారు, ఇండిపెండెంటుగా నిలబడిన కోలగట్ల వీరభద్రస్వామి మీద. ఆయన 78లో జనతా తరఫున మొదలుపెట్టి 83 నుంచి తెలుగుదేశంలో వరసగా గెలుస్తూ వచ్చినాయన. ఇద్దరిదీ ఒకే పార్టీ, ఒకే ఏడాది మొదటి ఓటమి, పక్కపక్క జిల్లాలు. నా వాదనంతా ఈ ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూడ్డంలోనే ఉంది.

రాజుగారు 2009లో అదే విజయనగరంలో నిలబడ్డారు, గెలిచారు. తర్వాత ఎంపీ, కేంద్ర మంత్రి, 2019లో ఓటమి, ఇప్పుడు గోవా గవర్నరు. కూతురు అదితి గారు 2019లో ఓడి, 2024లో అదే ఊళ్ళో అదే సీటులో గెలిచారు. అంటే అక్కడ ఓడిపోయినా మళ్ళీ వచ్చి నిలబడ్డానికి ఒక చోటుంది. కోట కదల్లేదు, అశోక్ బంగ్లా కదల్లేదు, విజయనగరం నియోజకవర్గం జనరల్ సీటుగానే ఉంది. ఓడిన అయిదేళ్ళూ ఆ బంగ్లా అరుగు మీద కూర్చున్న కార్యకర్తకి “మళ్ళీ మనోడే నిలబడతాడు” అనే నమ్మకం ఉండేది.

ఎచ్చెర్లలో ఆ నమ్మకం పెట్టుకోడానికి వీల్లేకపోయింది. 2001 జనాభా లెక్కల మీద జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ చేసిన డీలిమిటేషన్, అంటే నియోజకవర్గాల హద్దులు మళ్ళీ గీయడం, 2009 ఎన్నికల నుంచి అమలైంది. ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీ సీట్లు 39 నుంచి 48కి పెరిగాయి. మన శ్రీకాకుళం జిల్లాలో మాత్రం రెండున్నవి ఒకటయ్యాయి. ఎచ్చెర్ల జనరల్ అయింది, పాలకొండ ఎస్సీ నుంచి ఎస్టీకి మారింది, వాటికి బదులు కొత్తగా పుట్టిన రాజాం ఎస్సీ అయింది. జిల్లా మొత్తం పన్నెండు సీట్లు పదయ్యాయి. సోంపేట, హరిశ్చంద్రపురం, కొత్తూరు, వుణుకూరు అన్న పేర్లే మ్యాపులోంచి పోయాయి.

స్కూల్లో పంద్రాగస్టుకి కుర్చీలాట ఆడించేవారు గుర్తుందా, పాట ఆగేసరికి ఒక కుర్చీ తక్కువ. రాజాంలో జరిగింది అదే. ఎచ్చెర్లలో పాతికేళ్ళుగా ఉన్న ప్రతిభాభారతి, ఆవిణ్ణి ఓడించిన కోండ్రు మురళి, 2004లో పాలకొండలో గెలిచిన కంబాల జోగులు, ముగ్గురికీ జిల్లాలో మిగిలిన ఎస్సీ కుర్చీ ఒక్కటే. 2009లో మురళి కూర్చున్నారు. 2014లో, 2019లో జోగులు. 2024లో మళ్ళీ మురళి, ఈసారి తెలుగుదేశం నుంచి. ఆ ఎన్నికలో జోగులు గారిని తీసుకెళ్ళి అనకాపల్లి జిల్లా పాయకరావుపేటలో నిలబెట్టారు, ఓడిపోయారు. ప్రతిభాభారతి గారు 2009లో ఓడారు. 2014లో రాష్ట్రంలో తన పార్టీ గెలిచిన ఏడు కూడా అయిదొందల చిల్లర ఓట్ల తేడాతో ఓడారు. అయిదొందలంటే మా ఊళ్ళో ఒక వీధి.

ఇక్కడ నా వాదనకి నేనే అడ్డు చెప్పుకోవాలి, లేకపోతే కామెంట్లలో మీరే చెప్తారు. ఒకటి, 2004లో డీలిమిటేషన్ లేదు. పాత ఎచ్చెర్లే, పాత హద్దులే, పాత రిజర్వేషనే. అయినా ఓడారు. అంటే జనం మార్పు కోరారు. అయిదేళ్ళు హైదరాబాద్‌లో కుర్చీలో కూర్చున్న మనిషికీ ఊరికీ దూరం పెరిగి ఉండొచ్చు, పెరగడం సహజం కూడా. రెండోది ఇంకా గట్టిది. రాజాం ఆవిడకి పరాయి చోటేం కాదు. సొంతూరు కావలి ఉన్న సంతకవిటి మండలం రాజాం నియోజకవర్గంలోనే ఉంది. సొంతూరు ఉన్న సీటులో, సొంత పార్టీ గాలిలో గెలవలేకపోతే తప్పు మ్యాపుదంటే ఎలా?

నిజమే. నాదగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఎమ్మెల్యే అంటే సొంతూరు కాదు. ఇరవై ఏళ్ళలో ఏ ఊళ్ళో ఎవరి తగువు తీర్చాం, ఏ బోరు ఎవరి హయాంలో పడింది, ఎవరి కూతురికి హాస్టల్ సీటు ఇప్పించాం, ఇవన్నీ కలిపి కదా పట్టు అంటాం. ఆ పట్టు రణస్థలంలో, లావేరులో ఉంది. వంగరలో, రేగిడి ఆమదాలవలసలో ఉండదు. రాజుగారు ఓడిన చోటే మళ్ళీ అడిగారు. ఈవిడ ఓడిన చోట అడగడానికి లేకుండా, కొత్త చోటికి వెళ్ళి మొదట్నుంచి అడగాల్సి వచ్చింది.

అడగడానికి లేదా?

పైన రాసిన మాట ఒకసారి మళ్ళీ చదువుకున్నాను. “అడగడానికి లేకుండా.” ఎవరు లేదన్నారు? జనరల్ సీటంటే ఎవరైనా నిలబడొచ్చని కదా చట్టం. ఎస్సీ అభ్యర్థి నిలబడకూడదని ఎక్కడా లేదు. అదే ఎచ్చెర్లలో అన్ని కులాల వాళ్ళూ అయిదుసార్లు ఓటేసిన మనిషి, ఆరోసారి అక్కడే నిలబడితే ఏమవుతుంది?

ఈ ప్రశ్న 2009లో నాకు తట్టలేదు. అప్పటికి నాకు ఓటుంది, రాజకీయాలు తెలుసని అనుకునే వయసు. ఎచ్చెర్ల జనరల్ అయిందని పేపర్లో చూడగానే మా ఇంట్లో, మా వీధిలో, టీ కొట్లలో ఒకటే చర్చ: కాపులకిస్తారా, వెలమలకిస్తారా, ఫలానా ఆయనకిస్తే ఈ మండలం వాళ్ళు ఒప్పుకుంటారా. ప్రతిభాభారతి గారు రాజాం వెళ్తారని అందరం ముందే అనేసుకున్నాం. మేమెవరం చెడ్డ ఉద్దేశంతో అనలేదు. జనరల్ అనే మాటని మనం “మిగతా కులాల సీటు” అని చదువుకుంటున్నాం, అంతే. రిజర్వుడు సీటులో వేరే వాళ్ళు నిలబడకూడదు, అది చట్టం. జనరల్ సీటులో వీళ్ళు నిలబడకూడదు, ఇది మనం రాసుకున్న చట్టం.

పార్టీని తిట్టడం సులువు. పార్టీ లెక్క పార్టీది: ఉన్న ఒక్క ఎస్సీ సీటుకి పేరున్న ఎస్సీ నాయకురాలు కావాలి, అందులోనూ సొంతూరు అక్కడే. నేను ఆ టికెట్ల కమిటీలో ఉన్నా అదే చేసేవాణ్ణి. అందరికీ సబబుగానే తోచింది, ఒక్కరూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. నన్ను ఇప్పుడు గుచ్చుతున్నది అదే.

మహిళా సీట్ల సంగతి

ఇప్పుడు టీ కొట్టు మాట. 2023 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన రాజ్యాంగ 106వ సవరణ ప్రకారం లోక్‌సభలో, అసెంబ్లీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకి. జనాభా లెక్కలు, ఆ తర్వాత డీలిమిటేషన్, ఆ తర్వాత అమలు. ఎస్సీ, ఎస్టీ సీట్లలోనూ మూడో వంతు ఆడవాళ్ళకే.

ఒప్పుకోవాల్సిన విషయం ఒకటుంది. ఈ పోస్టు మొదట వేరేలా రాశాను. పంచాయతీల్లోలాగా మహిళా సీటు అసెంబ్లీలో కూడా రెండు మూడు ఎన్నికలకే మారిపోతుందనుకుని, “ఇక ఏ ఆడమనిషీ రెండోసారి గెలవదు” అని ఆవేశంగా ఒక పేజీ రాసుకున్నాను. తర్వాత సవరణ సరిగ్గా చదివితే, సీట్ల మార్పిడి ఒక్కో డీలిమిటేషన్ తర్వాత మాత్రమే అనుంది. ఎచ్చెర్ల చాలా ఏళ్ళు ఎస్సీ సీటుగా ఉన్నట్టే ఒక సీటు చాలా ఏళ్ళు మహిళా సీటుగానే ఉండొచ్చు. ఆ పేజీ చించేశాను. భయం మాత్రం పూర్తిగా పోలేదు. రిజర్వేషన్ ఉన్నన్నాళ్ళూ గెలవడం కాదు, అది తీసేసిన మర్నాడు ఆ మనిషికి అదే చోట టికెట్ ఇస్తారా అన్నదే నా అనుమానం. పదిహేనేళ్ళు, ఇరవై ఏళ్ళు ఒక చోట పనిచేసి పేరు తెచ్చుకున్నాక “ఇక ఇది జనరల్ అమ్మా” అంటే ఏం చేయాలి?

ఎక్కువ కాలం ఒకరే ఉండకూడదు, మార్పు మంచిదే అంటారా? నేనూ ఒకప్పుడు అలాగే వాదించేవాణ్ణి. ఇప్పుడూ ఒక ఇంటి నుంచి తండ్రి, కొడుకు, మనవరాలు వరసగా వస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. కాకపోతే ఆ మార్పు అందరికీ ఒకేలా రావడం లేదు. కుప్పంలో 89 నుంచి ఒకాయనే ఉన్నారు, మనం దాన్ని పట్టు అంటాం. రిజర్వేషన్ మీద వచ్చినవాళ్ళకి వచ్చేసరికి రొటేషన్ అంటాం.

మా ఊరి కథ

2013 పంచాయతీ ఎన్నికల్లో మా ఊరు ఎస్సీ మహిళకి వచ్చింది. గెలిచినావిణ్ణి నేను చిన్నప్పట్నుంచీ అప్పా అనే పిలుస్తాను, మా వైపు అక్కని అలాగే అంటాం. మొదటి ఏడాది టీ కొట్టు ఆయన చెప్పినట్టే నడిచింది. మీటింగుకి ఆవిడ భర్త వచ్చేవాడు, సంతకానికి పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళేవారు. మూడో ఏడు ఎస్సీ వీధిలో సీసీ రోడ్డు వేస్తున్నారు. ఆరంగుళాల మందం ఉండాలి. ఈవిడ ఇంట్లోకి వెళ్ళి కొడుకు స్కూలు బ్యాగులోంచి స్కేలు తెచ్చింది. పచ్చి కాంక్రీటులో పుల్ల గుచ్చి, తడి ఎంతవరకు అంటిందో చూసి, పుల్లని స్కేలు పక్కన పెట్టింది. నాలుగుంపావు. మేస్త్రీ మొహం చూడాలి. ఆ రోజు పని కొలతలు రాసే ఎం-బుక్ ఎవరి దగ్గరుందో, అందులో ఏం రాస్తారో, ఎవర్ని అడగాలో అన్నీ కనుక్కుంది. ఆ తర్వాత మీటింగులకి భర్త రావడం తగ్గింది. చివరి రెండేళ్ళూ ఆవిడే సర్పంచ్, నిజంగా.

2021లో ఊరు జనరల్ అయింది. ఇద్దరు నిలబడ్డారు, డబ్బు బానే ఖర్చయింది. ఈవిడ ఓటేసి ఇంటికెళ్ళిపోయింది.

రాజాంలో నా పని అయ్యాక తిరుగు బస్సులో మా ఊళ్ళో దిగాను. సంతకవిటి, రాజాం వైపు ఊళ్ళన్నీ 2022లో విజయనగరం జిల్లాలోకి వెళ్ళిపోయాయి, బోర్డులు కూడా మారిపోయాయి. అంటే ప్రతిభాభారతి గారి సొంతూరు ఒక జిల్లాలో, ఆవిణ్ణి అయిదుసార్లు గెలిపించిన సీటు ఇంకో జిల్లాలో. అప్ప ఇంటి అరుగు మీద పక్కింటి ముసలమ్మకి పింఛను కాగితం నింపుతోంది. పదవి పోయి ఇన్నేళ్ళయినా జనం కాగితాలు పట్టుకుని ఇక్కడికే వస్తారు. టీ కొట్టు సంగతి చెప్తే బాగా నవ్వింది. అప్పుడడిగాను, “2021లో నువ్వెందుకు నిలబడలేదప్పా?”

“జనరల్ వచ్చింది గదా తమ్ముడూ.”

“జనరల్ అంటే ఎవరైనా నిలబడొచ్చు.”

పెన్ను ఆపి నా వైపు చూసింది. “అవునా?” అంది. తెలియక అడిగిందో, ఇన్నాళ్ళకి చెప్తున్నావా అని అడిగిందో నాకు అర్థం కాలేదు. ముసలమ్మ ఆధార్ కార్డు మీద పుట్టిన ఏడాది చెరిగిపోయి ఉంది, ఇద్దరం ఎండ వైపు తిప్పి చూస్తూ కాసేపు కూర్చున్నాం.